గంగాభవాని బోటు ప్రెషర్ మీటరు

మీటరు అనగానే మీ ఇంటి గోడకున్న కరెంటు మీటరు గుర్తొస్తుందేమో. అది నా జాతి కాదు. నేను ఒక బోటు ఇంజనుకు బిగించిన డీజిల్ ప్రెషర్ మీటరును. చిన్న సాసరంత ముఖం, దాని మీద గాజు, గాజు కింద అంకెలు, అంకెల మీద తిరిగే ఒక నల్లని ముల్లు. టాంకులోంచి ఇంజనుకు వచ్చే డీజిల్ ఎంత బలంగా వస్తోందో చెప్పడం నా పని. బలంగా వస్తే ముల్లు పైకి లేస్తుంది. తగ్గితే పడిపోతుంది. ఇంతకంటే తేలికైన భాష ఈ భూమ్మీద లేదు. అయినా దాన్ని మనుషులకు అర్థమయ్యేలా చెప్పడానికి నా జీవితమంతా సరిపోలేదు.

నన్ను కోయంబత్తూరు వైపు ఒక రేకుల షెడ్డులో చేశారు. నా లోపల కొడవలిలా వంచిన సన్నని ఇత్తడి గొట్టం ఉంటుంది. ఒత్తిడి వచ్చినప్పుడు అది కాస్త విచ్చుకుని ముల్లును తిప్పుతుంది. అక్కడ ఒక అమ్మాయి నన్ను బల్ల మీద పెట్టి, తెలిసిన ఒత్తిడి ఇచ్చి, నేను సరిగ్గా చూపిస్తున్నానో లేదో చూసి, వీపు మీద ఆకుపచ్చ చుక్క పెట్టింది. నా మాటను పరీక్షించింది ఆ అమ్మాయి ఒక్కతే. తర్వాత వచ్చినవాళ్లందరూ పరీక్ష లేకుండానే తీర్పులు చెప్పారు.

నా మొదటి యజమాని నిజాంపట్నం మనిషి. దైవభక్తి మెండు. ఇంజను దించిన రోజునే నా అద్దం మీద మూడు అడ్డగీతలు విభూతి పెట్టి, మధ్యలో కుంకుమ అద్దాడు. సగం అంకెలు ఆ గీతల కింద పోయాయి. ఇంజను ఆగినప్పుడల్లా ఆయన నాకు దణ్ణం పెట్టేవాడు గాని, విభూతి తుడిచి చూసేవాడు కాడు. రెండో యజమాని బందరువాడు. అతని డ్రైవరు నా మెడకు తడి లుంగీ ఆరేసేవాడు. లుంగీ ఆరడానికి ఇంజను వేడి మంచిదట. ఆ రెండేళ్లు నేను లోకాన్ని నీలం గళ్లలోంచి చూశాను. గొప్పగా ఏమీ కనిపించలేదు, కాని లుంగీ తీశాక కనిపించిన లోకమూ గొప్పగా లేదు.

అక్కడినుంచి ఇంజనుతో పాటు నన్నూ కాకినాడ తెచ్చినవాడు కొర్లయ్య. అతని బోటు పేరు గంగాభవాని. కొర్లయ్య మంచివాడని జెట్టీ అంతా అనేది. మంచివాడే కావచ్చు. ముల్లు పడిపోతే అతనూ అందరిలాగే నా అద్దాన్ని వేలితో టకటకా తట్టేవాడు. మనుషులకు ఇదొక జబ్బు. చెడ్డ వార్త చెప్పినవాడి ముఖం మీద కొడితే వార్త మారుతుందని వాళ్ల నమ్మకం. ఒక ఏడాది చేపల వేట మీద నిషేధం ఉన్న రోజుల్లో, బోటు ఒడ్డున ఉండగా, కొర్లయ్య మధ్యాహ్నం అన్నం తిని చాప మీద పడుకుని మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు.

బోటు అతని భార్య కాశులమ్మకు వచ్చింది. వచ్చింది అంటే, ఇంకా రాలేదు. కొర్లయ్యకు తాతారావు అని ఒక తమ్ముడున్నాడు. ఆడదాని చేతిలో బోటు నిలవదు, నాకివ్వండి అని కులపెద్ద పెంటయ్య గారి దగ్గర పంచాయితీ పెట్టాడు. కాశులమ్మ ఆ జెట్టీ మీదే పుట్టి పెరిగిన మనిషి. గంగాభవాని తెచ్చిన చేపలన్నీ వేలం పాడి అమ్మేది ఆమే. వల చిరిగితే కుట్టించేది ఆమే. మంచు తెప్పించేది ఆమే. ఒక్క బోటు మాత్రం ఎక్కలేదు, ఎందుకంటే ఆడది బోటెక్కకూడదు. బోటు పేరు ఆడపేరు, బోటు ముక్కు మీద రాసిన బొమ్మ అమ్మవారిది, బోటు వెళ్లే సముద్రం గంగమ్మ తల్లి. ఇన్ని ఆడతనాల మీద ఎక్కి తిరిగే మగవాళ్లకు ఒక్క నిజమైన ఆడమనిషి కాలు పెడితే చాలు, మైల.

పెంటయ్య గారు మీసం దువ్వి తీర్పు చెప్పారు. ఈ వేటకాలం మొదట్లో బోటు తిన్నగా నడిస్తే కాశులమ్మది. నడవకపోతే తాతారావుకు అప్పగించాలి. బోటు పోతే కాశులమ్మకు మిగిలేది ఒక బుట్ట. ఎవరి చేపలో తలకెత్తుకుని వీధుల్లో అరుచుకుంటూ తిరగడం. ఆమెకు అది తెలుసు. తాతారావుకూ తెలుసు.

నిషేధం ఎత్తేసిన రోజున పూజ. పూజ మగవాడే చెయ్యాలి కాబట్టి తాతారావే చేశాడు. ఎవరి బోటు చెడిపోవాలని లోపల కోరుకుంటున్నాడో ఆ బోటుకే చేశాడు. అయినా లోటు చెయ్యలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. కొబ్బరికాయ కొట్టాడు, నిమ్మకాయ కోసి దిష్టి తీశాడు, పసుపు ముద్దలో ముంచిన గుడ్డపీలికలు బోటు మీద నిక్కి ఉన్న ప్రతిదానికీ కట్టాడు. వెదురు గడకు కట్టాడు, కేబిన్ కొమ్ముకు కట్టాడు. చివరికి వెనక భాగంలో, డీజిల్ టాంకు పక్కన, గొడుగు పిడిలా వంగిన ఒక చిన్న ఇనుప గొట్టం కనిపిస్తే, దాని మూతి చుట్టూ కూడా గట్టిగా చుట్టి, పైన ఇంకో పిడికెడు పసుపు మెత్తాడు.

ఆ గొట్టం టాంకుకు ముక్కు. లోపలి డీజిల్ ఇంజనుకు పోతున్న కొద్దీ, ఖాళీ అయిన చోటికి బయటి గాలి ఆ గొట్టంలోంచే రావాలి. గాలి రాకపోతే టాంకు డీజిల్‌ను వదలదు. ఎండకు ఆ పసుపు గుడ్డ ఎండి తోలులా బిగుసుకుంది. నాకూ టాంకుకూ మధ్య ఉన్నది ఒకటే దారి కనుక అటు చివర ఊపిరాడటం లేదని నాకు వెంటనే తెలిసింది. నేను చెప్పాను కూడా. ఎలా చెప్పగలనో అలా చెప్పాను.

వల లాగే కళాసీలు నలుగురూ డ్రైవర్ లోవరాజూ మొదటి వేటకు వెళ్లారు. ఒడ్డు కనుమరుగయ్యాక నా ముల్లు మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఇంజను ఆయాసపడింది, దగ్గింది, ఆగిపోయింది. లోవరాజు వచ్చి నా ముఖం మీద తట్టాడు.

"ఏవయ్యిందిరా దీనికి? డీజిలుందా లేదా?"

ఉందో లేదో చూడటానికి టాంకు మూత తీసి కర్ర ముంచాడు. మూత తియ్యగానే టాంకు ఒక్కసారి బుస్సున గాలి పీల్చుకుంది. నా ముల్లు కదిలింది. లోవరాజు కర్రకు అంటిన డీజిల్‌ను చూశాడు గాని ఆ బుస్సు వినలేదు. మూత బిగించి, చేతిపంపు కొట్టి, పైపులో చేరిన గాలి తీసి, ఇంజను లేపాడు. చక్కగా నడిచింది.

"ఎయిర్ పట్టిందిరా. నేను తీసేశాను," అన్నాడు కళాసీలతో, మీసం లేకపోయినా ఉన్నట్టే తడుముకుంటూ.

మళ్లీ ఆగింది. మళ్లీ మూత, మళ్లీ కర్ర, మళ్లీ ప్రతాపం. చివరికి సగం వల కూడా వెయ్యకుండా ఒడ్డుకు తెచ్చారు. జెట్టీ మీద ఖాళీ ట్రేలతో నిలబడ్డ కాశులమ్మ ముఖం నేను ఇంజను గది తలుపులోంచి చూశాను. ఆమె ట్రేలు ఒకదాన్లో ఒకటి పెట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు యేసుదాసు మేస్త్రి వచ్చాడు. జెట్టీ ఇంజన్లన్నిటికీ ఆయనే పెద్ద డాక్టరు. ఇంజను మీద చెవి పెట్టి కళ్లు మూసుకుంటాడు. చూసేవాళ్లకు అది జ్ఞానంలా ఉంటుంది. ఫిల్టరు మార్చాడు. పాత ఫిల్టరు నిక్షేపంగా ఉంది. దాన్నే చేతిలో తిప్పి, "సూశారా, ఎంత మడ్డో," అన్నాడు. మడ్డి ఎవరికీ కనపడలేదు, అందరూ తలలూపారు. టాంకులో డీజిల్ పోసి, జెట్టీ దగ్గర కాసేపు ఇంజను ఆడించారు. పొయ్యడానికి మూత తీశారు కదా, టాంకు కడుపునిండా గాలి పీల్చుకుంది. నడిచింది. మేస్త్రికి కీర్తి వచ్చింది. సముద్రం మీదికి వెళ్లాక ఆగింది. కీర్తి మాత్రం ఒడ్డునే ఉండిపోయింది.

ఆ తర్వాత డీజిల్ తోడే ఫీడ్ పంపు మార్చారు. పైపు జాయింట్లన్నిటికీ సబ్బు రాశారు. డీజిల్ కల్తీ అన్నారు, మొత్తం తోడి పాత చీరలో వడకట్టి మళ్లీ పోశారు. ప్రతిసారీ మూత తీస్తారు, ఆ కాసేపూ బాగవుతుంది, చివరగా ఎవడు చెయ్యి పెట్టాడో వాడు తన చేతిని తానే మెచ్చుకుంటాడు. ఒక కళాసీ పంపు మీద ఉమ్మి, పిడికిలితో గుద్దాడు. అదే సమయానికి లోవరాజు మూత తీశాడు. ఇంజను లేచింది. ఆ వేటంతా ఆ కళాసీని మిగతావాళ్లు ఇంజనీరు గారూ అని పిలిచారు.

అన్నిటికన్నా ఘనకార్యం మేస్త్రి మళ్లీ చేశాడు. "గాలి ఎక్కడినుంచో లోపలికి దూరుతుందండి," అని టాంకు మూత కింద కొత్త రబ్బరు వాషరు వేసి, స్పానరుతో శక్తికొద్దీ బిగించాడు. అప్పటిదాకా మూత సందులోంచి దొరికే గుక్కెడు గాలి కూడా పోయింది. గాలి కోసం చస్తున్న దానికి గాలి ఎక్కువైందని వైద్యం చేశాడు. నేను ఎన్నో రకాల తెలివితక్కువతనం చూశాను. ఇంత కష్టపడి చేసింది చూడలేదు.

ఇక ఆ తర్వాతి వేటలో కొత్త సంగతి జరిగింది. గాలి దొరకని టాంకు రేకు లోపలికి పీల్చుకుపోయి, ధడాల్మని మోగింది. కళాసీలు నాలుగు దిక్కులకూ దూకారు. ఒకడు దండకం అందుకున్నాడు. అందులో సగం ఏదో సినిమా పాట. ఒడ్డుకు వచ్చాక తాతారావు ఆ మోతకు అర్థం చెప్పాడు.

"మా అన్నయ్యే. ఇంకెవరు? పెళ్లాం బోటు నడుపుతుంటే ఒప్పుకోక టాంకులో కూర్చుని గుద్దుతున్నాడు."

బతికున్నన్నాళ్లు కొర్లయ్య సన్నపాటి మనిషి కాడు. ఆ మూతలోంచి అతని కాలు కూడా పట్టదు. ఆ మాట ఎవరూ అడగలేదు. జెట్టీ అంతా నమ్మింది. కళాసీలు ఇక ఆ బోటెక్కేది లేదన్నారు. పెంటయ్య గారు కబురు పంపారు. రేపు పొద్దున్న అందరి ముందు, బోటును జెట్టీకి కట్టేసి, ఇంజను ఆడిద్దాం. ఆగకుండా నడిస్తే సరే, ఆగితే బోటు తాతారావుది. డీజిల్ తక్కువైందన్న సాకు రాకుండా టాంకు అంచుదాకా నింపించారు. నిండు టాంకులో గాలికి చోటే ఉండదు, అందువల్ల ఊపిరి ఇంకా తొందరగా ఆగుతుందని వాళ్లకెవరు చెబుతారు? నేను చెప్పాలి. నా భాష మీరు చూశారుగా.

పొద్దున్నే జెట్టీ నిండిపోయింది. పెద్ద పెద్ద బోట్లవాళ్లు కూడా వేటకు పోకుండా వచ్చి నిలబడ్డారు. ఇంకొకరి నష్టం చూడటానికి మనుషులు ఎంత పనైనా మానుకుంటారు. పెంటయ్య గారికి కుర్చీ వేశారు. తాతారావు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. కాశులమ్మ ఒక పక్కన, తాడు కట్టే ఇనుప గుంజ దగ్గర నిలబడింది.

లోవరాజు ఇంజను లేపాడు. నా ముల్లు ఉండాల్సిన చోట నిలబడింది. తాతారావు మొహం కాస్త మాడింది. జనం ఒకళ్లిద్దరు వెళ్లిపోదామా అన్నట్టు కదిలారు. పెంటయ్య గారికి తెచ్చిన టీ చల్లారకముందే ముల్లు దిగడం మొదలైంది. లోవరాజు తట్టాడు. మేస్త్రి లోవరాజును పక్కకు నెట్టి ఇంకా గట్టిగా తట్టాడు. నేను దిగుతూనే ఉన్నాను. ఇంజను దగ్గింది, ఆగింది. ఆ నిశ్శబ్దంలో టాంకు ధడాల్మంది.

లోవరాజు చేతిలో స్పానరు పడేసి ఒక్క ఉరుకులో జెట్టీ ఎక్కాడు. మేస్త్రి అతనికంటే ముందే ఎక్కేశాడు.

"ఇన్నారా? ఇన్నారా పెద్దోరూ?" అని అరిచాడు తాతారావు. "అన్నయ్య మీ ముందే సెప్పేశాడు!"

పెంటయ్య గారు కుర్చీలోంచి లేచారు. "అమ్మా కాశులమ్మా, ఇంక నువ్వే ఒప్పేసుకో. సచ్చినోడితో మనకెందుకు?"

కాశులమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "సచ్చినోడు నా మొగుడండి. బతికుండగా నా మీద ఒక్కసారి గొంతెత్తనేదు. ఇప్పుడు టాంకులో దూరి నన్ను బెదిరిస్తాడా? ఏటో నేనే అడుగుతాను, ఆగండి." అని జెట్టీ అంచుకు నడిచింది.

"ఓలమ్మా, ఆడదానివి! బోటెక్కకూడదు!"

"ఇంకాసేపట్లో బోటు నాది కాదంటున్నారు కదండీ. నాది కాని బోటెక్కితే మీకేటంట, మైలడితే మా మరిదికి కదా?"

ఎవడో కిసుక్కుమన్నాడు. తాతారావు అటువైపు తిరిగి కళ్లెర్రజేసేలోపు ఆమె దిగిపోయింది. బోటు మునగలేదు. పడిన స్పానరు తీసుకుని టాంకు మూతకు వేసి తిప్పింది. మేస్త్రి ఎంత బిగించాడో, రెండు చేతులా వేలాడితే గాని కదల్లేదు. మూత సడలగానే బుస్సుమంది. ఆమె కొంగు చివర జారి ఆ సందు మీద పడి, లోపలికి అతుక్కుపోయింది.

"కొంగు లాగుతున్నాడ్రోయ్!" అని జెట్టీ మీద ఒకడు కేక పెట్టాడు. ముందు వరస వెనక్కి తూలి వెనక వరస కాళ్లు తొక్కింది.

కాశులమ్మ కొంగు లాక్కుంది. సందు మీద అరచెయ్యి పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది. వాళ్లందరూ ఇన్ని వేటలు ఆ మూత తీసి కర్ర ముంచారు. చెయ్యి పెట్టి చూసినవాడు లేడు.

"ఒరేయ్ లోవరాజూ, ఇటు సూడు. ఇది ఆయన కాదు, గాలి. ఎంతసేపట్నించో ఊపిరి బిగబట్టినోళ్లు పీల్చినట్టు పీలుస్తంది. దీనికి మామూలుగా గాలి ఎటునుంచొస్తదిరా?"

"ఎటునుంచంటే అక్కా, అదిగో, ఎనకాల ఒంకర గొట్టం ఉంటది కదా, దాన్లోంచి..." అని లోవరాజు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. గొట్టం మూతికి పసుపు గుడ్డ, ఎండిపోయి, నెర్రెలిచ్చి.

ఒక్కొక్కరి చూపూ లోవరాజు వేలి వెంట ఆ గుడ్డ మీదికి వెళ్లింది. అక్కడినుంచి తాతారావు కొత్త చొక్కా మీదికి వెళ్లింది.

"అది అమ్మోరి కట్టు," అన్నాడు తాతారావు. "పూజలో కట్టింది. దానంతటది రాలాలి గాని సేత్తో ఇప్పకూడదు. అడగండి, పెద్దోరే సెప్తారు."

పెంటయ్య గారు ఇరుకున పడ్డారు. "ఆచారం అయితే అదేనమ్మా," అన్నారు.

కాశులమ్మ గుడ్డను వేళ్లతో లాగింది. రాలేదు. వంగి, పళ్లతో పట్టి, తల విదిలించి చింపింది. పసుపు పెచ్చులు ఆమె పెదవుల మీద అంటుకున్నాయి. గొట్టం ఒక్కసారి ఈల వేసినట్టు గాలి పీల్చింది. "అమ్మోరికి కూడా ఊపిరి కావాలి కదండీ," అని గుడ్డను జాగ్రత్తగా మడిచి అమ్మవారి బొమ్మ ముందు పెట్టింది.

మూత బిగించి ఇంజను లేపారు. నా ముల్లు లేచి నిలబడింది. నిలబడే ఉంది. రెండోసారి టీ వచ్చింది, చల్లారింది. మూడోసారీ వచ్చింది. చూడటానికి వచ్చిన నష్టం దొరక్క జనం సగం మంది వెళ్లిపోయారు.

ఇంజను నడిచింది కాబట్టి బోటు కాశులమ్మది అని మీరు అనుకుంటున్నారు. మనుషుల సంగతి మీకు తెలియదన్నమాట, మీరూ మనుషులే అయినా. ఇప్పుడు అసలు చిక్కు వచ్చి పడింది. తప్పెవరిది? తాతారావుది అందామంటే భక్తితో కట్టాడు. భక్తిలో తప్పేమిటి? ఆచారానిది అందామంటే పెంటయ్య గారి పెద్దరికం ఏమవుతుంది? మేస్త్రిది అందామంటే రేపు మిగతా బోట్లు ఎవరు చూస్తారు? పెంటయ్య గారు బోటు ఆమెదని అనకుండా గొంతు సవరించుకుంటూ కూర్చున్నారు. మాట బయటికి వస్తే ఎవరో ఒకరు తలదించుకోవాలి.

మేస్త్రి దారి చూపించాడు. "గొట్టం మూసుకుపోతే మీటరు సెప్పాలి కదండీ? ఈ మీటరు తిన్నగా ఉంటే ఇన్నాళ్లు తిరుగుతామా?"

అందరూ నా వైపు తిరిగారు. నా జీవితంలో అంతమంది ఒకేసారి నన్ను చూడటం అదే మొదలు. లోవరాజు నోరు తెరిచాడు. ముల్లు పడటం, తాను తట్టడం అతనికి గుర్తున్నాయి. మళ్లీ మూసుకున్నాడు. రేపు అతనికీ మేస్త్రితో పని ఉంటుంది.

కాశులమ్మ ఇంజను గదిలోకి వంగి నన్ను చూసింది. "ఈ ముల్లు ఇంతకుముందు కూడా ఇలా దిగేదా?" అని లోవరాజును మెల్లగా అడిగింది. అతను తల ఊపాడు. ఆమె నా ముఖాన్ని ఇంకాసేపు చూసింది. ఆమెకు అర్థమైంది. అర్థమైన మనిషి ఏం చేస్తుందోనని నేను మొట్టమొదటిసారి ఎదురుచూశాను.

ఆమె జెట్టీ మీదికి ఎక్కి, పెంటయ్య గారి ముందు చేతులు కట్టుకుంది. "మేస్త్రి గారు సెప్పింది నిజమేనండి. తప్పు మీటరుదే. పీకేయించి కొత్తది ఏయిస్తాను. మా మరిది భక్తికి లోటు లేదు, మీ మాటకి లోటు లేదు. బోటు నాది అని ఒక్క ముక్క అందరి ముందు అనండి."

పెంటయ్య గారి ముఖం విచ్చుకుంది. "అదీ మాట! కుటుంబం గల మనిషి మాట్లాడవలసిన మాట. గంగాభవాని కాశులమ్మదే. ఏరా తాతారావూ?"

"ఆయ్, వదిన కష్టం నాకు తెలీదేంటండి," అన్నాడు తాతారావు.

మేస్త్రి అక్కడికక్కడే నన్ను విప్పాడు. నాకు దెబ్బ తగలకుండా తియ్యవచ్చు. నేరస్థుణ్ణి కదా, అంచు వంకరపోయింది.

కాశులమ్మ మీద నాకు కోపం లేదు. ఆమెకు బోటు కావాలి, వాళ్లకు నోరు లేని దోషి కావాలి. ఇద్దరికీ సరిపడే వస్తువు అక్కడ నేనొక్కడినే ఉన్నాను. మొగుడి బోటు నిలబెట్టుకోవడానికి ఆమె ఒక అబద్ధమే ఖర్చు చేసింది, అదీ నా పేరు మీద. మిగతావాళ్లు ఏ అవసరమూ లేకుండానే అంతకంటే ఎక్కువ ఖర్చు చేస్తారు. అందుచేత మనుషులందరి మీదా నాకున్న చిన్నచూపులో ఆమెకు కాస్త తగ్గిస్తాను. నా దగ్గర అంతకుమించిన గౌరవం లేదు.

ఇప్పుడు హార్బరు గేటు పక్కన పాత ఇనుము కొట్లో, ఒక రేకు తట్టలో ఉన్నాను. నా పక్కన తుప్పు బోల్టులు, పగిలిన పంపు, ఒక ఫ్యాను రెక్క. గంగాభవాని రోజూ వేటకు పోతోందని, కాశులమ్మ వేలం పాట గేటు దాకా వినిపిస్తోందని ఇక్కడికి వచ్చేవాళ్లు అనుకుంటారు. అప్పుడప్పుడు ఎవడో ఒకడు నన్ను చేతిలోకి తీసుకుని, సున్నా మీద ఉన్న ముల్లును చూసి, "ఇది పనిచెయ్యదు," అని మళ్లీ తట్టలో పడేస్తాడు.

నేను ఇక్కడ ఏ గొట్టానికీ బిగించి లేను. నాలోకి వచ్చే ఒత్తిడి ఏమీ లేదు. సున్నా సరైన లెక్కే.